స్టెంటు వేసుకున్నవాడు ఓడెక్కాలంటే

ఊపిరి ఆడక పడుకున్న మనిషి చేయవలసిన పని కాదు గానీ, నేను చేశాను. మా ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.

ఓడలో మెడికల్ సెంటర్ బాగా కింది అంతస్తులో ఉంటుంది. కిటికీలుండవు. సింగపూర్‌లో బయలుదేరిన మర్నాటి పొద్దున నేను అక్కడ మంచం మీద ఉన్నాను. ఛాతీ మీద ఈసీజీ వైర్లు, వేలికి క్లిప్పు. టిఫినుకని మెట్లెక్కుతుంటే మొదలైంది. నొప్పి లేదు. గుండె మాత్రం కొట్టుకోవడం మానేసి సంచిలో వేసిన కోడిలా తన్నుకోసాగింది. ఎంత పీల్చినా ఊపిరి చాలడం లేదు. రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోతే ఎవరో వీల్‌చెయిర్ తెచ్చారు.

నర్సు మలయాళీ అమ్మాయి. ఓడ ఉద్యోగానికి ముందు హైదరాబాదులో పనిచేసిందట. మేం ఎక్కడివాళ్లమో తెలుసుకుని, తనకు వచ్చిన తెలుగులో మా ఆవిడ సరళను అడిగింది.

“ఎప్పటి నుంచి ఉంది అమ్మా ఇది?”

“ఆయనకా? ఎప్పటి నుంచో...”

అంతవరకే రానిచ్చాను. నా చెయ్యి లేచిన ఊపుకు ఒక వైరు ఊడింది. మానిటర్ కుయ్యిమని అరిచింది. నర్సు బెదిరిపోయి నా భుజం పట్టుకుంది.

“అంకుల్, ఏమైంది? నొప్పి వచ్చిందా?”

“లేదమ్మా. ఈ పొద్దున మొదలైంది. ఈ పొద్దునే. అది రాసుకో,” అన్నాను రొప్పుతూ.

సరళ నా వేళ్లు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నన్ను అలా చూడటం అదే మొదటిసారి. ఆ మాట ఎందుకు పూర్తి కానివ్వలేదో చెప్పాలంటే రెండేళ్లు వెనక్కి వెళ్లాలి.

నేను ఒక తెలుగు దినపత్రిక న్యూస్ డెస్కులో పనిచేసి రిటైరయ్యాను. సరళ అనంతపురం జిల్లా ప్రభుత్వ బడుల్లో సోషల్ టీచరుగా చేసి రిటైరైంది. మా అమ్మాయి దీప్తికి మాదాపూర్‌లో ఉద్యోగం. అందరం తెల్లాపూర్‌లో ఒక ఫ్లాట్లో ఉంటాం. ఖాళీగా ఉండలేక నేను మాదాపూర్‌లో ఒక చిన్న కంపెనీకి తెలుగు అనువాదాలు దిద్దిపెట్టేవాణ్ణి. అక్కడ ఒక సాయంత్రం మిరపకాయ బజ్జీలు తెప్పించారు. తిన్నాను. క్యాబ్ ఎక్కేసరికి పొట్ట పైభాగంలో మంట, దవడ దగ్గర బిగుతు.

“గ్యాస్ పట్టేసింది బాబూ,” అన్నాను డ్రైవరుతో.

నల్గొండ వైపు కుర్రాడు. వెంటనే ఒప్పుకున్నాడు. “గ్యాసే సార్. మా మామకు గిట్లనే అయితది. జర సోడా తాగుండ్రి, ఒక తేన్పు వచ్చిందంటే ఇగ ఫికరే ఉండదు.”

కారు పక్కకు ఆపి తనే సోడా తెచ్చాడు. తేన్పు వచ్చింది. బిగుతు పోలేదు. ఆలస్యమవుతుందని చెప్పడానికి సరళకు ఫోన్ చేశాను.

“చెమట పడుతోందా?” అంది.

“ఈ ఎండల్లో ఎవరికి పట్టదు?”

“ఏసీ కార్లో కూర్చున్నా పడుతోందా?”

నేను జవాబు చెప్పేలోపే, “ఫోన్ ఆ పిల్లోనికి ఇవ్వండి,” అంది. ఆమె ఏం చెప్పిందో తెలియదు. వాడు “అట్లనే అమ్మా, అట్లనే” అంటూ కారు యూటర్న్ తిప్పాడు. నన్ను దించింది దవాఖాన ఎమర్జెన్సీ గుమ్మం ముందు.

అక్కడ ఈసీజీ తీశారు. రక్తం తీసి, గుండె దెబ్బతిన్నదీ లేనిదీ చెప్పే ట్రోపోనిన్ పరీక్షకు పంపారు. డ్యూటీ డాక్టరుకు మా దీప్తి వయసుంటుంది. “అంకుల్, ఇది గ్యాస్ కాదు, హార్ట్ ఎటాక్. యాంజియోగ్రామ్‌కి తీసుకెళ్తున్నాం, సంతకం కావాలి,” అన్నాడు. నేను సంతకం పెట్టేసరికి సరళ వచ్చింది. ఆ అబ్బాయి కేస్ షీట్ రాసుకుంటూ ఆమెనడిగాడు.

“ఎప్పటి నుంచి ఉందమ్మా?”

“ఏంది, గ్యాసా? అది ఆయనకు ఎప్పటి నుంచో ఉంది లే సార్.”

ఇందులో అబద్ధం లేదు. మా పెళ్లయిన నాటి నుంచి నేను కారం తింటాను, తిన్నప్పుడల్లా పొట్ట పట్టుకుంటాను, ఆమె విసుక్కుంటుంది. ఆ అబ్బాయి అది విని, తన చదువుకు తగ్గట్టు రాశాడు. చెస్ట్ డిస్కంఫర్ట్, సిన్స్ లాంగ్.

ఎల్ఏడీ అనే ప్రధాన రక్తనాళంలో బ్లాక్. స్టెంట్ వేశారు. “టైమ్‌కి వచ్చారు. సోడా దగ్గర ఇంకాసేపు కూర్చుని ఉంటే మనం మాట్లాడుకునేవాళ్లం కాదు,” అన్నాడు కార్డియాలజిస్టు. ఆయనది కర్నూలు. మనిషి నవ్వడు గానీ మాటల్లో ఉప్పుంటుంది.

అసలు బాధ ఇంటికి పంపే రోజు మొదలైంది. దీప్తి కంపెనీ మారినప్పుడు మాకున్న పాత హెల్త్ పాలసీ పోయింది. కొత్తది తీసుకుని ఎక్కువ కాలం కాలేదు. ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్కులో అమ్మాయి స్క్రీన్ మా వైపు తిప్పి చూపించింది. “సర్, క్యాష్‌లెస్ హోల్డ్‌లో పెట్టారు. ‘సిన్స్ లాంగ్’ అని ఉంది కదా, పాలసీకి ముందు నుంచే జబ్బు ఉందా అని అడుగుతున్నారు.”

బట్టలు మార్చుకుని, చెప్పులేసుకుని, మంచం అంచున కూర్చుని ఆ రోజంతా గడిపాను. లేస్తాను, కారిడార్ చివరిదాకా నడుస్తాను, నర్సు కేకేస్తే వస్తాను. సాయంత్రానికి కార్డియాలజిస్టు వివరణ రాసి పంపితే అప్పుడు కదిలింది. ఆయన సరళతో అన్నాడు. “మేడం, మీరు చెప్పింది తెలుగు. వాళ్లు చదివింది మెడికల్ హిస్టరీ.”

బతుకంతా మాటలు దిద్దినవాణ్ణి. ఆ మాటను మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు. ‘ఎప్పటి నుంచో మీ ఇంటికి రావాలనుకుంటున్నాం’ అంటాం. ‘ఎప్పటి నుంచో చూస్తున్నా, నీ వాలకం బాగాలేదు’ అంటాం. అందులో కాలం లేదు. ఒకచోట మర్యాద ఉంది, ఒకచోట విసుగుంది. కేస్ షీట్లో మాత్రం అది తేదీ అయి కూర్చుంటుంది.

తర్వాతి నెలల గురించి చెప్పుకోదగినది తక్కువ. బ్లడ్ థిన్నర్లు, స్టాటిన్, బీటా బ్లాకర్. మా గేటెడ్ కమ్యూనిటీ వాకింగ్ ట్రాక్ మీద నా ఈడు మగవాళ్లు చాలామంది. అక్కడ పలకరింపు “ఎన్ని?” అని. పూర్వం పిల్లల గురించి అలా అడిగేవాళ్లు. ఇప్పుడు స్టెంట్ల గురించి. ఒంటికి నయమవుతున్నా మనసు ఒకచోట నిలవలేదు. పేపరు తీస్తాను, మడిచేస్తాను. టీవీ పెడతాను, కట్టేస్తాను. తెలియకుండానే కుడిచేతి వేళ్లు ఎడమ మణికట్టు మీదికి పోతాయి.

“నాడి పట్టుకుని కూర్చోవడానికా మీరు రిటైరయింది?” అంది సరళ ఒకరోజు. “పదండి, యాడికన్నా పోదాం.”

“ఎక్కడికి?”

“మలక్కా.”

నవ్వాననుకుంటాను. ఆమె నవ్వలేదు. సర్వీసంతా ఏటేటా బోర్డు మీద ఆగ్నేయాసియా పటం వేసి, మలయాకూ సుమత్రాకూ మధ్య నీలం సుద్దముక్కతో గీత గీసి, ‘ఇది మలక్కా జలసంధి’ అని చెప్పిన మనిషి. వానకోసం ఆకాశం చూసే ఊళ్లలో పిల్లలకు సముద్రం చెప్పింది. “మీరు చూసినారా టీచర్?” అని ఎవరో ఒకరు అడిగేవారట. “చూల్లేదు. చూసినాక చెప్తా,” అనేదట. సింగపూర్ నుంచి పెనాంగ్ దాకా ఆ జలసంధి వెంబడి వెళ్లే ఓడలున్నాయని దీప్తి ఫోన్‌లో చూసి పెట్టుకుంది. నా స్టెంటు కుదురుకునేదాకా సరళ ఊరుకుంది, అంతే.

కార్డియాలజిస్టును తనే అడిగింది. ఆయన ఎకో రిపోర్టు చూశాడు. “ఈఎఫ్ బాగుంది, గుండె బాగానే పంపు చేస్తోంది. వెళ్లండి. కానీ మేడం, ఇన్సూరెన్స్ చూసుకుని వెళ్లండి. ఇక్కడైతే నేనున్నా. సముద్రం మీద నా ఫోన్ కలవదు.”

అలా మొదలైంది మా వేట. ఇది చదివేవాళ్లలో స్టెంటో బైపాసో అయి, విహారయాత్ర అనుకుంటున్నవాళ్లకు ఈ భాగం పనికొస్తుంది.

మాదాపూర్‌లో దీప్తి ఆఫీసుకు దగ్గర్లో శ్రీశైలం అని ట్రావెల్ ఏజెంటు ఉన్నాడు. వాళ్ల నాన్నకు బాలానగర్‌లో లేత్ మిషన్ల షాపు. ఓడ టికెట్టుతో పాటే ఇన్సూరెన్స్ వస్తుంది సార్ అన్నాడు. కాగితం తీసి చదివాను. చిన్న అక్షరాలు చదవడం నా వృత్తి. ముందే ఉన్న జబ్బులకు అది పైసా ఇవ్వదు. ఓడలో డాక్టరు చూస్తే ఆ బిల్లు మన గది ఖాతాలో పడుతుంది, డాలర్లలో. మన ఊళ్లో పనికొచ్చే హెల్త్ పాలసీ ఓడ మీద పనికిరాదు. ఒడ్డుకు చేర్చి ఆస్పత్రిలో పెట్టాల్సి వస్తే ఆ ఖర్చు ఇంకోటి.

“నాకు స్టెంట్ ఉంది శ్రీశైలం,” అన్నాను.

“అయితే ఏంది సార్? స్టెంట్ ఏసిన్రంటే పైపు క్లీన్ అయినట్టే గద. ఇగ జబ్బు యాడుంది? మిషన్ల పార్టు మార్చినంక పాత రిపేర్ ముచ్చట ఎవడన్న చెప్తడా?”

“కొనేవాడు అడిగితే చెప్పాలి కదా.”

“అడిగితే చెప్పాలె. జర మెల్లగ చెప్పాలె,” అని నవ్వాడు.

వయసు దగ్గర మరో చిక్కు. మా ఊరి అయ్యవారు నన్ను బడిలో వేసుకోవడానికి ఒక ఏడాది కలిపి రాశాడు. కాబట్టి నాకు అరవై తొమ్మిది, నా పాస్‌పోర్టుకు డెబ్బై దాటాయి. డెబ్బైతో ఆగిపోయే పాలసీలన్నీ అక్కడే పోయాయి. “గంత చిన్నప్పుడే తొందరపడ్డరేంది సార్,” అన్నాడు శ్రీశైలం.

వెబ్‌సైట్లు మొదలుపెట్టాను. వయసు నింపగానే ప్రీమియం ఎగురుతుంది. ‘ముందే ఉన్న జబ్బులేమైనా ఉన్నాయా’ దగ్గర అవును అని నొక్కితే పేజీ మాయమై, మా ప్రతినిధి ఫోన్ చేస్తారని వస్తుంది. చేస్తారు. స్నానంలో ఉండగా, ట్రాక్ మీద ఉండగా, అన్నం కలుపుకోగానే చేస్తారు. ఒకరు గుండె అనగానే పెట్టేస్తారు. ఒకరు ఓడ అనగానే. మా ఇద్దరికీ కలిపి ఒక కంపెనీ చెప్పిన ప్రీమియం దాదాపు ఓడ టికెట్టంత ఉంది. ఆ వారాల్లో నేను ఇంట్లో కూర్చుని మాట్లాడింది తక్కువ. బాల్కనీ నుంచి వంటింటికి, వంటింటి నుంచి బాల్కనీకి, చెవి దగ్గర హోల్డ్ మ్యూజిక్.

“నాన్నా, ‘నో’ కొట్టెయ్,” అంది దీప్తి. “మా టీంలో అందరూ వాళ్ల పేరెంట్స్‌కి అదే కొడతారు.”

“క్లెయిమ్ చేయాల్సి వస్తే?”

“రాదు నాన్నా. నెగటివ్‌గా ఆలోచించకు.”

“రాదనుకున్నవన్నీ నా డెస్కు మీదికి వార్తలై వచ్చేవి తల్లీ.”

అలా అన్నాను గానీ, ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ‘నో’ మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. నొక్కితే సగం ధర. ఆపింది నీతి అని చెప్పను. ఆస్పత్రి రికార్డులో నా పేరు పక్కనే ఉన్న ‘సిన్స్ లాంగ్’ ఆపింది. అడిగితే ఎవరైనా తీసి చూపించగలరు. అప్పుడు నేను కట్టిన ప్రీమియమూ పోతుంది, మాటా పోతుంది.

దారి చూపింది సరళ. చపాతీలు ఒత్తుతూ, నేను ఫోన్‌లో ఫ్యామిలీ ప్లాన్ రేటు అడగడం విని, “నన్నెందుకు మీ వయసుతో కట్టేస్తారు?” అంది. “బస్సులో హాఫ్ టికెట్టు వేరే, ఫుల్ టికెట్టు వేరే కదా.”

నిజమే. ఫ్యామిలీ ప్లాన్లో ఇంట్లో పెద్దవాడి వయసునుబట్టి అందరికీ ధర కడతారు. ఆమెను విడిగా తీస్తే ఆమెది చాలా తగ్గింది. నాది కూడా ప్రపంచమంతటికీ కాకుండా ఆసియాకే అంటే తగ్గింది. సామాను పోవడం, విమానం ఆలస్యం లాంటివి లేని చిన్న ప్లాన్‌కు మారి, ఓడ ప్రయాణానికి విడిగా ఉండే కవర్‌ను దానికి కలిపితే ఇంకాస్త. కార్డియాలజిస్టు రాసిచ్చిన ‘స్టేబుల్, ఫిట్ టు ట్రావెల్’ ఉత్తరం పంపాక, ఒక కంపెనీ స్టెంట్ సంగతి తెలిసే పాలసీ ఇచ్చింది. షరతు ఒకటే. పాత జబ్బు వల్ల ఖర్చు వస్తే, అది ఉన్నట్టుండి వచ్చినదై, ప్రాణాపాయమైతేనే, ఒక పరిమితి దాకా ఇస్తారు.

ఉన్నట్టుండి. ఆ మాట కింద పెన్సిల్‌తో గీత గీశాను. సింగపూర్ విమానం ఎక్కేటప్పుడు సరళకు చెప్పాను కూడా. “ఎవరు ఏమడిగినా ‘ఎప్పటి నుంచో’ అని మాత్రం అనకు.”

“నన్ను బడిపిల్లను చేసినారా?” అంది.

కిటికీల్లేని ఆ గదికి వస్తాను. నర్సు ఊడిన వైరు మళ్లీ అతికించింది. ఓడ డాక్టరు దక్షిణాఫ్రికావాడు, నిదానస్తుడు. ఈసీజీ కాగితం చూసి, ఇది హార్ట్ ఎటాక్ కాదు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నాడు. గుండె పైగదులు క్రమం తప్పి కొట్టుకుంటున్నాయి, వేగం తగ్గించే మందిస్తాను, కానీ ఓడలో ఉంచుకోలేను, మధ్యాహ్నం పెనాంగ్‌లో దించి ఆస్పత్రికి పంపుతాను అన్నాడు. మా యాత్ర అక్కడితో అయిపోయిందని ఆయన మర్యాదగా చెప్పిన పద్ధతి అది.

ఇన్సూరెన్స్ అసిస్టెన్స్ నంబరుకు ఓడ ఫోన్ నుంచే చేశాం. ముందు హోల్డ్ మ్యూజిక్. తర్వాత ఒక అమ్మాయి, ఇంగ్లిషులో. పాలసీ నంబరు, పుట్టిన తేదీ, అన్నీ అయ్యాక అడిగింది. “ఈజ్ ఇట్ లైఫ్ థ్రెటెనింగ్, సర్?”

నేను డాక్టరునడిగాను. ఆయన ఆలోచించి, “ఇప్పుడా? ఇప్పుడు కాదు. మీరు ఇక్కడికి రాకపోయి ఉంటే అయ్యేది,” అన్నాడు.

అదే ఫోన్‌లో చెప్పాను. అటునుంచి కీబోర్డు చప్పుడు. “సో, నాట్ లైఫ్ థ్రెటెనింగ్?”

సరళ ఫోన్ లాక్కుంది. భాష మార్చాలని కూడా తోచలేదు ఆమెకు. “ఏమమ్మా, చచ్చిపోయినాక ఫోన్ చేయమంటావా?”

అటువైపు కీబోర్డు ఆగింది. తర్వాత చిన్న గొంతు, తెలుగులో. “అయ్యో, అట్ల కాదు మేడం. నేను మాదాపూర్ నుంచే మాట్లాడుతున్నా. ఒక్క నిమిషం ఉండండి, డాక్టర్ గారికి ఫోన్ ఇవ్వండి. ఆయన్ని ఎమర్జెన్సీ అని చెప్పమనండి, చాలు.”

సరళ ఫోన్ డాక్టరుకిచ్చి, నా మంచం పక్కన స్టూల్ మీద కూర్చుంది. ఎన్ని సముద్రాలు దాటినా మా దీప్తి ఆఫీసు పక్క వీధికే చేరింది మా గోడు. మందు ఎక్కుతోంది. గోడలు సన్నగా వణుకుతున్నాయి, ఇంజను చప్పుడు.

“ఇప్పుడు ఎక్కడున్నాం?” అన్నాను.

“మలక్కాలో,” అంది. “కనపడదు, అంతే.”

“నువ్వు పైకెళ్లి చూసిరా. నేనెక్కడికీ పోను.”

“ఊరుకోండి.”

కాసేపటికి మళ్లీ అన్నాను. నన్ను దించాక ఆమె ఓడలోనే వెళ్లవచ్చని కూడా అన్నాను. ఆమె పాలసీ ఆమెది, విడిగా కదా.

“మీకేమన్నా పిచ్చా? పాలసీలు వేరైతే మనం కూడా వేరా?” అంది.

పెనాంగ్ రేవులో వీల్‌చెయిర్ మీద దించారు. ఎండ కళ్లలో కొట్టింది. సరళ హ్యాండ్‌బ్యాగు, నా మందుల సంచి, రెండూ భుజాన వేసుకుని వెనక్కి తిరిగి నిలబడింది. బూడిదరంగు నీళ్లు, రెండు మూడు సరుకు ఓడలు, దూరంగా చిన్న పడవ.

“అదేనా?” అన్నాను.

“అదే.”

“ఎట్లుంది?”

“మ్యాపులో ఇంకా సన్నగా ఉంటుంది,” అంది. అంబులెన్స్ మనిషి తొందరపెడితే నా వెంట నడిచింది.

పెనాంగ్ ఆస్పత్రిలో గుండె దారికి వచ్చింది. రక్తం గడ్డకట్టకుండా ఇంకో మాత్ర కలిపారు. విమానం ఎక్కవచ్చని ఉత్తరమిచ్చారు. అక్కడ ఒక మధ్యాహ్నం, నాకు గంజి లాంటిదేదో తినిపిస్తూ సరళ అడిగింది.

“ఆ పొద్దు నా నోరెందుకు మూసినారు?”

“నువ్వు ‘ఎప్పటి నుంచో ఉంది’ అనబోయావు. అంటే అది ఉన్నట్టుండి వచ్చింది కాదని రాసేవాళ్లు. మళ్లీ మొదటికొచ్చేది.”

“నేను ఆ మాట అనలేదు.”

“సగం అన్నావు.”

“ఎప్పటి నుంచో చెప్తున్నా, మెట్లు వద్దు, లిఫ్టులో పోదామని, అంటే వినడు ఈ మనిషి, అని చెప్పబోయినా,” అంది. చెంచా గిన్నెలో పెట్టింది. నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. “ఇంకోటి కూడా చెప్పాలనుకున్నా. సింగపూర్‌లో రేవు దగ్గర మెట్లెక్కేటప్పుడు మీకు ఆయాసం వచ్చింది. నిలబడిపోయినారు. నేను చూసినా.”

“అది ఎండకు.”

“ఎండకైతే నాకూ రావాలి కదా.”

నిలబడిన మాట నిజం. ఓడ ఎంత ఎత్తుందో చూడటానికి నిలబడ్డాననుకున్నాను. ఊపిరి కోసం నిలబడ్డానేమో. ఆ క్షణంలో నా వేళ్లు మణికట్టు మీద ఉన్నాయా అని గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. మామూలుగా ఎప్పుడూ అక్కడే ఉంటాయి. ఆ పూట సంగతే గుర్తు లేదు.

ఇంటికొచ్చాక క్లెయిమ్ వేశాం. కర్నూలు డాక్టరు కాగితాలన్నీ చూసి, “కొత్త చుట్టం వచ్చాడు మీ ఇంటికి. స్టెంట్‌తో సంబంధం ఉందా అంటే, ఒకే గుండె కదా, ఏదో ఒక వరస కలుస్తుంది,” అన్నాడు. కంపెనీ నుంచి మొదటి ప్రశ్న వచ్చింది. లక్షణాలు మొదట ఎప్పుడు కనిపించాయి?

దీప్తి, “ఆ పొద్దున అని రాయి నాన్నా, ఓడ రిపోర్టులో కూడా అదే ఉంది కదా,” అంది. అది నేను పట్టుబట్టి రాయించిందే. నేను టైప్ చేస్తుంటే సరళ వెనక నిలబడింది, అంతే. చివరికి రెండూ రాశాను. ఆ పొద్దున మెట్ల మీద గుండె క్రమం తప్పింది. ముందురోజు రేవు మెట్ల దగ్గర కాస్త ఆయాసం వచ్చిందని నా భార్య అంటోంది, నాకు అది ఎండ అనిపించింది. ఆ రెండో వాక్యం పంపాక వాళ్లు మరిన్ని కాగితాలు అడిగారు. దీప్తి రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

ఇప్పుడు బాగానే ఉన్నాను. మందులు పెరిగాయి. లిఫ్టులోనే వెళ్తున్నాను. ట్రాక్ మీద “ఎన్ని?” అంటే “ఒకటిన్నర” అంటున్నాను. మాదాపూర్ పని మానలేదు. బజ్జీలు మానేశాను. శ్రీశైలం ఆమధ్య ఫోన్ చేసి ఇంకో ఓడ ఉంది సార్ అన్నాడు. సరళ ఏ దారిన వెళ్తుందో అడిగింది, ఎంతవుతుందో అడగలేదు.

ప్రయాణం అనుకుంటున్నవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటుంది. పాలసీ కొన్నాక, పెట్టె సర్దకముందు, మొగుడూ పెళ్లాలిద్దరూ ఎదురెదురుగా కూర్చోండి. ఎవరికి ఏముంది, అది ఏ నెలలో మొదలైంది, ఆఖరిసారి ఎప్పుడు ఇబ్బంది పెట్టింది, ఒకరు చెప్పింది ఇంకొకరు ఒప్పుకునేదాకా మాట్లాడుకోండి. డాక్టరు ‘ఎప్పటి నుంచి’ అంటే రోజు చెప్పండి, పూట చెప్పండి, తెలియకపోతే తెలియదనండి. ‘ఎప్పటి నుంచో’ అనకండి. ఎదుటివాళ్లు అనబోతున్నారని వాళ్ల నోరూ మూయకండి.

మా క్లెయిమ్ ఇంకా పరిశీలనలోనే ఉంది. శ్రీశైలం చెప్పిన ఓడకు పాలసీ కోసం మొన్న మళ్లీ ఒక పేజీ తెరిచాం. లక్షణాలు మొదట కనిపించిన తేదీ అడుగుతోంది. ఒక్క తేదీకే చోటుంది. సరళ ఒకటి చెబుతుంది, నేను ఒకటి. ఆ గడి ఖాళీగానే ఉంది.